జడ్జిగారి ఉత్తరం మీద నా పొట్టి సంతకం

నాకు బుద్ధి తెలిశాక చేసిన అతి పెద్ద నేరం ఒక ఉత్తరం మీద చేశాను. అది నేను రాసింది కాదు, నాకు వచ్చిందీ కాదు. రాసినాయన అమెరికాలో లాయరు, తర్వాత జడ్జి, పోయి నూరేళ్లు కావస్తోంది. దాన్ని నాచేత చదివించుకున్నావిడ ఐర్లండ్‌లో మా ఇంటికి మైలు దూరంలో ఉండే ఎనభై రెండేళ్ల పెద్దావిడ. వాళ్లిద్దరి మధ్యలో గుంటూరు వాణ్ణి నేనెలా దూరానంటే, మాంద్యం పుణ్యమా అని దూరాను.

కార్క్ నగరం దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో పదకొండేళ్లు పనిచేశాను. మందు నేను తయారు చేయలేదు. చేసేవాళ్లు ఏ గంటకు ఏం కలిపారో కాగితాల మీద రాస్తే, ఆ రాతలో తప్పులు పట్టేవాణ్ణి. దాన్ని గొప్ప విద్య అనుకునేవాణ్ణి కూడా. ఆర్థిక మాంద్యం వచ్చి ఫ్యాక్టరీ సగం మూసేసినప్పుడు తప్పులు చేసేవాళ్లతో పాటు తప్పులు పట్టేవాణ్ణీ ఇంటికి పంపారు. పంపుతూ ఇచ్చిన ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను, ఒక్క తప్పు దొరకలేదు.

పని పోయింది గానీ బుద్ధి పోలేదు. కార్క్ పక్కనే బాలింకాలిగ్‌లో మా ఇంటి వంటగదిలో ప్రతి డబ్బా మీదా తెరిచిన తేదీ రాసిపెట్టాను. ఫ్రిజ్‌కి ఒక కాగితం అంటించి పొద్దున, సాయంత్రం దాని చల్లదనం ఎంతో నమోదు చేశాను. మా ఆవిడ హాస్పిటల్లో నర్సు. పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చి, ఆ కాగితం కేసి కాసేపు చూసి, కుర్చీలో కూలబడింది.

"ఏవండీ, మీకు దణ్ణం పెడతాను. రోజూ కాసేపు ఎక్కడికన్నా వెళ్లి రండి. కందిపప్పు డబ్బా మీద తేదీ లేకపోయినా మనం చచ్చిపోం."

అలా ఊరి లైబ్రరీకి వెళ్లాను. అక్కడ గోడ మీద ఒక చీటీ ఉంది. పాత చేతిరాత చదవగలిగినవాళ్లు కావాలి, ఊరి చరిత్ర సంఘానికి సాయం చేయాలి అని. లైబ్రేరియన్ నన్ను కాస్త అనుమానంగా చూసింది. రాత్రి డ్యూటీ ఆపరేటర్లు చేతికి గ్లవ్స్ వేసుకుని రాసిన రాత పదకొండేళ్లు చదివాననీ, నాకు చదవడానికి రాని రాత భూమ్మీద లేదనీ చెప్పాను. ఆవిడ "గ్రాండ్" అని ఒక అడ్రసు ఇచ్చింది. ఐర్లండ్‌లో గ్రాండ్ అంటే బ్రహ్మాండం అని కాదు, సరేలే అని. అది తెలిసి కూడా పొంగిపోయాను.

ఆ అడ్రసులో ఉండేది పైన చెప్పిన పెద్దావిడ. ఊరి చివర, సందు లోపల, జీవితమంతా ఆవులు మేపుకుని బతికిన ఇల్లు. ఆవిడ చూపులో నడిమి భాగం పోయింది, అంచులు మాత్రం మిగిలాయి. నా ముఖం ఎప్పుడూ కనబడలేదు గానీ చెవులు కనబడేవట, మంచి చెవులే అని మెచ్చుకుంది. నన్ను "బాయ్" అని పిలిచేది. కార్క్‌లో తాతలను కూడా అలాగే పిలుస్తారు కాబట్టి నలభై రెండేళ్ల నేను నొచ్చుకోలేదు. ఆవిడ మాటలు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, ఆ యాస మాత్రం నాకు తెలుగులో పట్టుబడదు.

విషయం ఇది. అమెరికా వెళ్లి జడ్జి అయినాయన ఆ ఇంట్లోనే పుట్టాడు. బంగాళాదుంపల కరువులో, పదేళ్ల వయసులో, బాబాయి వెంట ఓడెక్కాడు. అప్పటికి ఊయలలో ఉన్న చెల్లెలు ఇక్కడే ఉండిపోయింది. ఆ చెల్లెలే మన పెద్దావిడకు నాయనమ్మ. ఇప్పుడు చరిత్ర సంఘం వాళ్లు ఆ ఇంటి గోడకు జడ్జి పేరుతో ఒక రాతి ఫలకం పెడతామంటున్నారు. అది చూడడానికి అమెరికా నుంచి జనం వస్తారని వాళ్ల ఆశ. దుకాణాలన్నీ ఒక్కొక్కటే మూతపడుతున్న ఆ రోజుల్లో ఊళ్లో కొత్తగా వచ్చేది అదొక్కటే.

"ఆయన పేరు నా గోడ మీద ఎందుకుండాలి?" అంది పెద్దావిడ మొదటి రోజే. "నిన్ను నా దగ్గరకు పిలిపించుకుంటానని నాయనమ్మకు ప్రతి ఉత్తరంలో రాశాడట. పిలవలేదు. ఆవిడ ఎదురుచూసి చూసి, ఇరవై ఏడేళ్లకు ఈ ఇంటి పాలేరును పెళ్లి చేసుకుంది. ఆవిడ ఒళ్లో కూర్చుని ఈ కథ విన్నదాన్ని నేను. నువ్వు ఉత్తరాలు చదువు. ఆయన పిలిచినట్టుంటే ఫలకం పెట్టనిస్తాను. లేకపోతే లేదు."

ఉత్తరాలు హాట్ ప్రెస్‌లో, అంటే వేడినీళ్ల ట్యాంకు ఉండే అలమరలో, దుప్పట్ల కింద బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి. తేమ తగలకుండా ఆవిడే అలా కాపాడింది. ఒక్కొక్కటి దాని కవరులోనే ఉంది. కవర్ల మీద స్టాంపులను ఎప్పుడో ఎవరో కత్తిరించుకుపోయారు. కాగితం ఆదా కోసం జడ్జిగారు పేజీ అంతా అడ్డంగా రాసి, దాన్ని తిప్పి, ఆ రాత మీదే మళ్లీ నిలువుగా రాసేవాడు. వల చూస్తున్నట్టుండేది. మొదటి పేజీకి నాకు రెండు మంగళవారాలు పట్టింది. చదవడానికి రాని రాత భూమ్మీద లేదన్న మాట ఆవిడ గుర్తు చేయలేదు, మంచి మనిషి.

క్రమంగా ఆయన నాకు బాగా దగ్గరయ్యాడు. ఒక లాయరు ఆఫీసు ఊడుస్తూ, దస్తావేజులకు నకళ్లు రాస్తూ లా నేర్చుకున్నాడు. మొదటి కేసు పక్కవాడి మొక్కజొన్న తిన్న పంది తరఫున. ఓడిపోయాడు, పంది యజమాని ఆయన్ని పొలం గట్టు దాకా తరిమాడు. తర్వాత సర్కారు భూముల ఆఫీసులో రిజిస్ట్రారు అయ్యాడు. ఉచితంగా భూమి కావాలంటే అందులో ఇల్లు కట్టినట్టు ప్రమాణం చేయాలి. ఒకతను పన్నెండుకు పద్నాలుగు ఇల్లు కట్టానని బైబిల్ మీద చెయ్యేసి చెప్పాడు. జడ్జిగారికి అనుమానం వచ్చి గుర్రమెక్కి వెళ్లి చూస్తే, గడ్డిలో పన్నెండు అంగుళాలకు పద్నాలుగు అంగుళాల చెక్క ఇల్లు కనిపించింది. అడుగులని తాను అడగలేదు కాబట్టి తప్పు తనదే అని చెల్లెలికి రాసుకున్నాడు. అది చదివినప్పుడు పెద్దావిడ నవ్వకూడదనుకుంటూనే నవ్వింది. నాకైతే ఆయన మా డిపార్ట్‌మెంటు మనిషనిపించాడు. నూట ముప్పై ఏళ్లు ఆలస్యంగా నాకొక సహోద్యోగి దొరికినట్టు సంబరపడ్డాను.

ఆయన తర్వాతి జీవితం అమెరికాలో అచ్చయిన ఒక జిల్లా చరిత్ర పుస్తకంలో ఉంది. లైబ్రరీ వాళ్లు దాని జిరాక్స్ తెప్పించి ఇచ్చారు. జిల్లా ప్రాసిక్యూటరు, ఆపైన జడ్జి, ఆపైన రాష్ట్రానికి ఆడిటరు. గవర్నరు పదవికి నిలబడి చిత్తుగా ఓడాడు. పెళ్లి చేసుకోలేదు.

ఇక నా నేరం. ఒక జనవరి ఉత్తరం దగ్గరకు వచ్చాం. అందులో ఇలా ఉంది: 'నేనిప్పుడు జిల్లా ప్రాసిక్యూటర్ని. ఇల్లు కట్టాను. తూర్పు వైపు గది నీది. ఒక్క మాట రాయి, వసంతానికి ఓడ టిక్కెట్టు పంపుతాను.' పైన వేసిన సంవత్సరం చివరి అంకె మూడు, దాన్ని మూడో ఏడు అనుకుందాం. పుస్తకంలో చూస్తే ఆయన ప్రాసిక్యూటరు అయింది అదే మూడో ఏడు చివర్లో. అంటే మూడో ఏడు జనవరికి ఇంకా కాలేదు. సంగతి నాకు తేలిపోయింది. జనవరిలో అందరూ చేసే తప్పే, కొత్త సంవత్సరం వచ్చినా చెయ్యి పాత సంవత్సరమే వేస్తుంది. ఫ్యాక్టరీలో ప్రతి జనవరిలోనూ ఇలాంటివి పదుల కొద్దీ పట్టేవాణ్ణి. అది నాలుగో ఏడు ఉత్తరం.

అప్పుడు నా చెయ్యి ఏం చేసిందో నేను చూడలేదు. నోరు ఆవిడతో మాట్లాడుతోంది. ఉత్తరం నాలుగో ఏడుదని చెప్పాను. పెద్దావిడ వేళ్ల మీద లెక్క వేసుకుంది. నాయనమ్మ పెళ్లి మూడో ఏడు ఫిబ్రవరిలో, లెంట్ అనే నలభై రోజుల ఉపవాసాలు మొదలయ్యే ముందు వారం. మన క్రైస్తవ కుటుంబాల్లో లాగే వాళ్లూ లెంట్‌లో పెళ్లిళ్లు పెట్టుకోరు.

"అదీ సంగతి," అంది. "పెళ్లయిన ఏడాదికి పిలిచాడు. అప్పుడు పిలిచినా ఒకటే, పిలవకపోయినా ఒకటే. ఇక చాలు బాయ్, మిగతావి చదవద్దు."

మిగిలిన ఉత్తరాలకు రిబ్బను కట్టేసింది. ఇక ఫలకం లేనట్టే. నేను టేబుల్ మీదివి సర్దుతూ కిందికి చూశాను. వెలిసిపోయిన ఆ నల్ల సిరాలో, మూడు మీద సన్నగా ఒక నీలం గీత. పక్కన నాలుగు. దాని పక్కన నా పొట్టి సంతకం. దాని కింద ఆ రోజు తేదీ. ఆపైన, ఇంకా సందేహం మిగలకుండా, కారణం: ఎంట్రీ ఎర్రర్.

అలవాటులో పొరపాటు అంటారే, అది చిన్న మాట. ఫ్యాక్టరీలో తప్పు దిద్దాలంటే ఒకే ఒక గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం చేసి తేదీ వేయాలి. రబ్బరు వాడకూడదు, వైట్‌నర్ వాడితే ఉద్యోగం ఊడుతుంది. పదకొండేళ్లలో నా చెయ్యి ఆ పని ఎన్ని వేలసార్లు చేసిందో. నూట ముప్పై ఏళ్లకు పైగా సముద్రాన్నీ యుద్ధాలనూ ఎలుకలనూ తప్పించుకున్న ఆ ఉత్తరం నన్ను తప్పించుకోలేకపోయింది. తేలు కుట్టిన దొంగలా ఉత్తరాన్ని కవరులో పెట్టేసి ఇంటికొచ్చాను.

రెండు రోజులు అన్నం సయించలేదు. మా ఆవిడ ఊరుకోకుండా అడిగితే చెప్పాను. అప్పటిదాకా సోఫాలో ఫోన్ చూసుకుంటున్న మా అమ్మాయి తలెత్తింది.

"డాడ్, యు రోట్ ఆన్ ఇట్? లైక్, ఆన్ ది యాక్చువల్ వన్?"

మా ఆవిడ నవ్వు ఆపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత నిజంగానే గంభీరంగా అంది. "ఆవిడకి కళ్లు కనబడవు, మీరు చెప్పకపోతే తెలీదు. అందుకే చెప్పాలి. పొద్దున్నే ప్రార్థన చేసుకుని వెళ్లి చెప్పేసెయ్యండి."

వెళ్లాను. దారి పొడుగునా నా భయం ఒక్కటే. ప్రతి మంగళవారం నా కోసం టీ పెట్టి ఎదురుచూసే మనిషి ఆ దేశంలో ఇంట్లోవాళ్లు కాక ఆవిడొక్కతే, ఇక రావద్దంటుందేమో. ఉద్యోగం పోయిన రోజు కూడా నాకంత దిగులు కలగలేదు. గుమ్మంలోనే నిలబడి మొత్తం చెప్పేశాను.

"దేంతో దిద్దావు?" అంది.

"నీలం బాల్ పెన్నుతో."

"మా ఆయన ఒకసారి ఆ డబ్బా మీద టీ ఒలికించాడు," అంది. "నెల రోజులు మాట్లాడలేదు. నీతో ఎన్ని రోజులు మాట్లాడకూడదా అని ఆలోచిస్తున్నా. లోపలికి రా."

లోపల కూర్చోబెట్టి అడిగింది. "నీ గీత కింద ఆయన రాసింది కనబడుతోందా?"

"కనబడుతోంది. మూడు."

"నువ్వు నాలుగని ఎలా అన్నావు?"

పుస్తకంలో ఉందన్నాను. జనవరి తప్పుల గురించి వివరించాను, కాస్త ఉత్సాహంగా కూడా. ఆవిడ ఓపిగ్గా విని, ఆవులు మేపుకున్న మనిషి అడగాల్సిన ప్రశ్న ఒకటి అడిగింది.

"కవరు మీద నాయనమ్మ పేరు ఏమని ఉంది?"

నేను కవర్లు చూడనే లేదు. నా దృష్టిలో అవి ప్యాకింగు. తీసి చూశాను. పుట్టింటి పేరుతో ఉంది. రిబ్బను విప్పకుండానే దాని తర్వాతి ఉత్తరం కవరు చూడమంది. దాని మీద భర్త ఇంటి పేరుతో ఉంది, మూలన అందిన తేదీ నాయనమ్మే రాసుకుంది: మూడో ఏడు జూన్. అంటే ఆ జూన్‌కే ఆయనకు పెళ్లి సంగతి తెలుసు. జనవరి ఉత్తరం అంతకు ముందుది. మూడు మూడే. తప్పు పుస్తకానిది, దాన్ని అచ్చులో ఉంది కదా అని నమ్మిన నాది. పాపం జడ్జిగారు మాత్రం ఏ తప్పూ చేయలేదు. చేయని తప్పుకు ఆయన మీద సంతకంతో సహా అభియోగం మోపింది నేను.

నేను లెంపలేసుకునే హడావిడిలో ఉండి ఆవిడ ముఖం ఆలస్యంగా చూశాను. ఆవిడ లెక్క వేరే చోటికి వెళ్లింది. అమెరికా నుంచి ఉత్తరం రావడానికి అప్పట్లో రెండు మూడు వారాలు, అంటే అది పెళ్లికి ముందే అందింది. నాయనమ్మ దాన్ని చదివింది. వెళ్లలేదు. వెళ్లకపోగా, అన్న పిలవలేదని బతికినంత కాలం అందరికీ చెప్పింది, ఒళ్లో కూర్చున్న మనవరాలితో సహా.

"ఆవిడ చేతులు నాకు గుర్తున్నాయి," అంది పెద్దావిడ. "పాలు పితికి పితికి వేళ్లు వంకర్లు పోయాయి. ఆ చేతులతోనే నాకు జడ వేసేది. ఆవిణ్ణి అబద్ధాలకోరు అని నలుగురిలో అనిపించలేను. నాలుగు అనే ఉంచు. నీ సంతకం ఎలాగూ ఉంది."

తప్పు రాతను తప్పని తెలిసి ఉంచడం నా పదకొండేళ్ల సర్వీసులో లేదు. సరేనన్నాను. ఆవిడ అడిగితే ఐదైనా వేసేవాణ్ణి.

చరిత్ర సంఘం సమావేశం శనివారం మధ్యాహ్నం, లైబ్రరీ మేడ మీద. జడ్జి జీవితం గురించి నేను మాట్లాడాలి. పాతిక మంది వచ్చారు, సగం మంది నాలాగే పని లేనివాళ్లు. మా ఆవిడ సెలవు పెట్టి మరీ వచ్చి వెనక కూర్చుంది. పెద్దావిడ ముందు వరసలో పక్కకు తిరిగి కూర్చుంది, నా చెవులు కనబడేలా. పంది కేసు చెప్పాను, నవ్వారు. అంగుళాల ఇల్లు చెప్పాను, బల్లలు చరిచారు. గర్వం తలకెక్కింది. అదే ఊపులో జనవరి ఉత్తరం తీసి చదవబోయాను. తేదీ దగ్గర నోరు ఆగిపోయింది. నాలుగు అనాలి. అది తప్పు రాతని తెలిసి అనలేను. మూడు అనడానికి వీల్లేదు. వల్లె వేసిన పద్యం మర్చిపోయినవాడిలా నిలబడ్డాను.

"మూడు," అంది పెద్దావిడ.

కర్ర పట్టుకుని లేచి నిలబడింది. గోడ కేసి చూస్తూ మాట్లాడినట్టుంది, అంచు చూపుతో మమ్మల్నే చూస్తోందని నాకు తెలుసు.

"అది మూడో ఏడు ఉత్తరం. పెళ్లికి ముందే మా నాయనమ్మకు అందింది. ఆయన పిలిచాడు, ఆవిడే వెళ్లలేదు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. నేను బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఏ తప్పూ చేయని మనిషిని తిట్టుకున్నాను. ఫలకం పెట్టుకోండి."

కూర్చుంది. సంఘం అధ్యక్షుడు గొంతు సవరించుకుని టీ తయారైందన్నాడు.

ఆ సాయంత్రం మా కారులోనే ఆవిణ్ణి ఇంట్లో దింపాం. మా ఆవిడ కెటిల్‌లో నీళ్లు పెడుతుంటే పెద్దావిడ తడుముకుంటూ డబ్బా తెచ్చి రిబ్బను విప్పింది. "దాని తర్వాతది చదువు, పెన్ను నీ భార్యకిచ్చి చదువు" అంది. జేబులోంచి తీసి ఇచ్చేశాను.

జూన్ ఉత్తరం అది. చెల్లెలు రానంటూ రాసిన జవాబు అందాక రాసింది. నాలుగు పేజీలు, అడ్డంగా, నిలువుగా. పెళ్లి మాట ఎక్కడా లేదు, కోపం లేదు, దీవెన కూడా లేదు. పేజీల నిండా పంటినొప్పే. మంగలి ఒకతను దాన్ని రెండుసార్లు పీకబోయి విరగ్గొట్టిన సంగతి, మూడు రోజులు కోర్టులో దవడకు గుడ్డ కట్టుకుని వాదించిన సంగతి. అవతలి పక్షం నవ్వు ఆపుకోలేకపోయిందట. నేనూ నవ్వుతూనే చదివాను. పెద్దావిడ నవ్వలేదు. చిట్టచివర, సంతకం పైన, చోటు చాలక అంచున ఇరికించి రాసిన వాక్యం ఒకటుంది. దాన్ని చదవడానికి కాగితం కిటికీ దగ్గరకు తీసుకెళ్లాల్సి వచ్చింది.

'తూర్పు గదిలో ఇప్పుడు కోర్టు ఫైళ్లు పెట్టుకుంటున్నాను.'

పెద్దావిడ మళ్లీ చదవమంది. చదివాను.

"అయితే గది నిజంగానే ఉంది," అంది.